‘రాజనీతిజ్ఞుడు’ అని వేయమన్నప్పుడు కింద ఒక పని కూడా రాసివ్వండి

తిరుపతి, చిత్తూరు నగరాల్లోని అన్ని పార్టీల నగర కమిటీల పెద్దలకు, వార్డు నాయకులకు, సభలూ సన్మానాలూ నడిపించే వారికి,

నమస్కారం.

నేను బోర్డులు వేసే మనిషిని. మీ నాయకుల పుట్టినరోజులు, పెళ్లిరోజులు, ప్రమాణ స్వీకారాలు, పాదయాత్రలు, వర్ధంతులు అన్నీ నా కంప్యూటరు మీదుగానే లీలామహల్ సర్కిలుకూ, టౌన్ క్లబ్బు దగ్గరికీ, చిత్తూరు గాంధీ సర్కిలుకూ చేరుతుంటాయి. రంగులు మీ ఇష్టం. ఫొటోల సైజులు మీ ఇష్టం. ఎవరి తలకాయ ఎవరి పక్కన ఉండాలన్న తగవు మీరూ మీరూ తేల్చుకుంటారు. వాటి జోలికి నేను రాను. ఒక్క మాట గురించి మాత్రం మీ అందరితో ఒకేసారి మాట్లాడాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ మాట ‘రాజనీతిజ్ఞుడు’.

ఒక పార్టీకి రాస్తే ఇంకో పార్టీ మనిషినంటారు, అందుకే అందరికీ కలిపి రాస్తున్నా. బతికున్న నాయకుడి పేరు ఒక్కటి కూడా ఇందులో ఎత్తను. ఎత్తితే రేపు పొద్దున షాపు షట్టరు ఎత్తడం కష్టమవుతుంది.

ఒకప్పుడు ‘ప్రియతమ నాయకుడు’ అంటే చాలు, అందరూ సంతోషపడేవాళ్లు. తర్వాత ‘బడుగుల ఆశాజ్యోతి’ వచ్చింది, ‘అభివృద్ధి ప్రదాత’ వచ్చింది, ‘యువకెరటం’ వచ్చింది. బోరింగు వేయించిన ప్రతివాడూ ‘అపర భగీరథుడు’ అయిపోయాడు. ఒకాయన వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుని, “అన్నా, పోయినసారి మా నాయనకు భగీరథుడు వేసినాం గదా, ఈసారి అది పక్క వార్డు వాళ్లు వాడేసినారు. ఇంగా పెద్ద మాట ఏమన్నా ఉండాదా?” అన్నాడు. నేను నోరు తెరవకముందే ఆయన వెంట వచ్చిన కుర్రాడు ఫోనులో వెతికి ‘రాజనీతిజ్ఞుడు’ తీశాడు. పొడుగ్గా ఉంది, గంభీరంగా ఉంది, పక్క వార్డులో ఎవరూ వాడలేదు. సరిపోయింది. ఆ తర్వాత అది ఊరంతా పాకింది.

ఇప్పుడు మీ దగ్గర్నుంచి వచ్చే మేటర్లలో ఈ మాట రకరకాలుగా ఉంటోంది. రాజనీతిగ్నుడు, రాజనీతిజ్నుడు, రాజనీతజ్ఞుడు. అచ్చుతప్పులు దిద్దడం నా పనే, దానికి నేనేమీ అనుకోను. దీని అన్నలాంటి మాట ఇంకోటుంది, ‘ధురంధరుడు’. దాన్నీ అందరూ ‘దురంధరుడు’ అనే పంపుతారు. ధుర అంటే కాడి, దాన్ని మోసేవాడు ధురంధరుడు. ఒత్తు తీసేస్తే కాడి పోయి ‘దురద’ మిగిలినట్టుంటుంది. అది వేరే సంగతి.

సంగతేమిటంటే, ఈ మాటకు ఒక అర్థం ఉంది. నాయకుడు, ప్రతినిధి, రాజకీయవేత్త అనే మాటల్లా అది వృత్తిని చెప్పదు. ఎన్నికల్లో నిలబడితే రాజకీయ నాయకుడు అంటాం. గెలిస్తే ప్రజాప్రతినిధి అంటాం. ఆ రంగంలోనే తలపండితే రాజకీయవేత్త అంటాం. కాలేజీలో ఆ పాఠం చెప్పేవాడు రాజనీతి శాస్త్ర అధ్యాపకుడు. నేను డిగ్రీలో చదివింది ఆ సబ్జెక్టే, మార్కులు అడక్కండి. ‘రాజనీతిజ్ఞుడు’ వీటన్నిటి తర్వాత వచ్చే మాట. రాజ్యం నడపడంలో ఉన్న నీతి తెలిసినవాడు. నీతి అంటే ఇక్కడ సుద్దులు కాదు, నడిపించే తీరు. కృతజ్ఞుడిలో, రసజ్ఞుడిలో ఉన్న ‘జ్ఞ’యే ఇందులోనూ ఉంది కాబట్టి నిఘంటువు లెక్కన తెలిసుంటే చాలు. వాడుకలో మాత్రం అది చాలలేదు. తెలిసీ ఊరుకున్నవాణ్ణి తెలుగువాళ్లు ఈ మాటతో పిలవడానికి ఇష్టపడరు.

ఇది పండితుల దగ్గరే తేలాల్సిన విషయమేమీ కాదు, మన ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లెల్లో భారతం తిరునాళ్లు చూసినవాళ్లెవరైనా చెబుతారు. ధర్మరాజుల గుడి ముందు పగలంతా హరికథ, రాత్రంతా వీధి నాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు, చివరి రోజు పొద్దున మట్టితో చేసిన దుర్యోధనుణ్ణి కూలుస్తారు, సాయంత్రం అగ్నిగుండం. జూదం రోజు రాత్రి భారతం ఆడే మిట్ట మీద కూర్చుని జనం మాటలు వినండి. భీష్ముణ్ణి తిడతారు. రాజధర్మం ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు, అంపశయ్య మీద పడుకుని ధర్మరాజుకు దాన్ని పర్వాల కొద్దీ చెప్పింది ఆయనే. కానీ ద్రౌపదిని సభకు ఈడ్చుకొచ్చిన రోజున ‘ధర్మం సూక్ష్మమైనది’ అని తప్పుకున్నాడు. రాయబారం రాత్రి కృష్ణుడొచ్చి అయిదూళ్లిస్తే చాలునంటాడు. అయిదూళ్లతో రాజీ ద్రౌపదికి ఇష్టం లేదు. అవతల దుర్యోధనుడు సూది మొన మోపినంత నేల కూడా ఇయ్యనన్నాడు. రాయబారం చెడింది. అయినా మిట్ట మీద కూర్చున్న ముసలమ్మ కృష్ణుణ్ణి తిట్టదు. ‘చేయాల్సింది చేసినాడు’ అంటుంది. ఈ మాటకు నాకు తెలిసిన అర్థం ఆ ముసలమ్మ చెప్పిందే. తనవాళ్లు మొహం ముడుచుకున్నా అవతలివాళ్లకూ కాస్త చోటుంచి, రేపటి పోరు తప్పించడానికి పూనుకున్నవాడు. గెలిచాడా ఓడాడా అన్నది రెండో మాట.

మాట పాడవడంలో తప్పంతా మీదే అనను. సగం ఫోనుది. హిందీలో రాజనీతి అంటే వట్టి రాజకీయమే. అక్కడ ‘రాజనీతిజ్ఞ’ అంటే వార్డు మెంబరు దగ్గర్నుంచి కేంద్ర మంత్రి దాకా రాజకీయం చేసే ప్రతి ఒక్కరూ. ఢిల్లీ నుంచి హిందీలో వచ్చిన ప్రకటనను ఎవరో తొందరగా తెలుగు చేస్తారు, లేదా ఫోనే చేసేస్తుంది. అక్షరాలు అవే కాబట్టి అర్థమూ అదే అనుకుంటారు. మన పక్క రాష్ట్రాల వాళ్లకు ఈ గొడవ లేదు. పలమనేరు దాటి ముళబాగిలు పోతే కన్నడంలో రాజకారణి వేరు, ముత్సద్ది వేరు. ఆ ముత్సద్ది ఒకప్పుడు కచేరీల్లో లెక్కలు రాసే గుమాస్తా పేరు, పారశీకం నుంచి వచ్చింది. లెక్క తెలిసినవాడికే రాజ్యం తెలుస్తుందని అనుకున్నారో ఏమో, గుమాస్తాకు అంత పెద్ద ప్రమోషను ఇచ్చారు. తెలుగులోనూ పాతతరం విలేఖరులు ‘రాజకీయ ముత్సద్ది’ అని రాసేవాళ్లు, నాకు ఆ మాట ఇష్టం. చిత్తూరు దాటి వేలూరు వైపు పోతే తమిళంలో రాజతంత్రి అంటారు. మనకు తంత్రం అనగానే పక్కనే కుతంత్రం కనబడుతుంది కాబట్టి అది మనకు అచ్చిరాలేదు. అపర చాణక్యుడు కూడా అంతే, పొగిడామో తిట్టామో సన్మానం చేయించుకున్న మనిషికి కూడా తెలియదు. రాజకీయం అన్న మాటనైతే మనం ఇళ్లల్లోకి తెచ్చి ఎప్పుడో చెడగొట్టాం. ‘మా వదిన మా మధ్య రాజకీయం చేసింది’ అంటాం. మచ్చ పడకుండా మిగిలింది ఈ ఒక్క రాజనీతిజ్ఞుడే. పెళ్లి భోజనంలో పెరుగులాగా చివర్న వడ్డించాల్సిన మాట అది. మీరు ఆకు వేయగానే పోసేస్తున్నారు.

చివర్న అని ఎందుకంటున్నానో మన చంద్రగిరిని చూస్తే తెలుస్తుంది. తిరుమల గుడిలోకి అడుగుపెట్టగానే ఇద్దరు రాణులతో చేతులు జోడించి నిలబడ్డ కృష్ణదేవరాయలి విగ్రహాన్ని అందరూ చూసే ఉంటారు. ఆయన రాసిన ఆముక్తమాల్యదలో యామునాచార్యుడు కొడుక్కి రాజనీతి చెప్పే భాగం ఒకటుంది. చెరువులు, పన్నులు, అడవి జనాలతో వ్యవహారం, ఎవరికి ఏ పదవి ఇవ్వాలి, ఎవరిని ఎంతవరకు నమ్మాలి, ఇట్లా సాగుతుంది. అందులో రేవుల మాట కూడా ఉంది. దూరదేశాల నుంచి ఏనుగులూ గుర్రాలూ తెచ్చే వర్తకులను మర్యాదగా చూసి మన దగ్గరే ఉంచుకోవాలి, అవి శత్రువుకు చేరకూడదు అంటాడు. వర్తకుడు మన ఓడరేవుకు రావాలి, కానీ పట్టు మన చేతిలో ఉండాలి. వందేళ్లు దాటాక, అదే రాజ్యంలో మిగిలిన ముక్కను చంద్రగిరి నుంచి ఏలుతున్న రోజుల్లో, 1639లో, తూర్పు తీరంలో ఒక ఇసుక నేలను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చారు. ఇచ్చినప్పుడు అది నాలుగు రాళ్లు వచ్చే బేరం. ఆ తీరాన్ని చూసుకునే దామెర్ల నాయకులకు గానీ పైనున్న రాయలకు గానీ అది మదరాసు అవుతుందని తెలిసే దారి లేదు. వాళ్లను నేను తప్పుపట్టడం లేదు. కానీ ఆ రోజు సాయంత్రం చంద్రగిరి కోటలో ఎవరైనా ‘రాజనీతిజ్ఞుడైన మా ప్రభువుకు శుభాకాంక్షలు’ అని గుడ్డ మీద రాసి కట్టుంటే, ఈరోజు దాన్ని ఏమనుకునేవాళ్లం? ఈ మాట నిజమా కాదా అని తేలడానికి ఒక్కోసారి మనిషి బతుకు కూడా చాలదు. పుట్టినరోజు బోర్డు మీద తేలుతుందా?

అయితే మన ఉమ్మడి జిల్లాలో ఈ మాటకు తగినవాళ్లే లేరా అంటే, ఉన్నారు. వాళ్ల బోర్డులే మీరు ఎప్పుడూ వేయించలేదు.

తిరుచానూరులో 1891లో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు ఒకరు. చిత్తూరులో వకీలు, స్వాతంత్య్ర పోరాటంలో జైలుకు పోయినవారు, రాజ్యాంగ సభ సభ్యుడు. 1952లో తిరుపతి నుంచి లోక్‌సభకు గెలిచి ఉపసభాపతి అయ్యారు, 1956లో తొలి సభాపతి మావలంకర్ పోయాక సభాపతి అయ్యారు, 1957లో చిత్తూరు నుంచి గెలిచి మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నారు. పదవులు లెక్కపెట్టి రాజనీతిజ్ఞుడు అనడానికైతే ఇంత ఉత్తరం అక్కర్లేదు. ఆ కుర్చీలో ఉండగా జరిగిన ఒక సంగతి చూడండి.

1957 డిసెంబరు. జీవిత బీమా సంస్థ పెట్టి ఏడాది దాటి మూడు నెలలయింది. హరిదాస్ ముంధ్రా అనే కలకత్తా వ్యాపారి కంపెనీల వాటాలను ఆ సంస్థ అప్పటికే కోటి రూపాయల పైచిలుకు డబ్బు పెట్టి కొనింది. అది పాలసీ కట్టిన జనం సొమ్ము. దీన్ని లోక్‌సభలో కాగితాలు చూపించి నిలదీసిన మనిషి ప్రతిపక్షం కూడా కాదు, కాంగ్రెస్ సభ్యుడు ఫిరోజ్ గాంధీ, ప్రధాని నెహ్రూకు అల్లుడు. ఇరుకున పడింది కాంగ్రెస్ ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి. మరి సభాపతి? ఆయనా కాంగ్రెస్ టికెట్టు మీద గెలిచినవారే. ఈరోజు లెక్కన ఆలోచించండి. సొంత పార్టీ సభ్యుడు, సొంత పార్టీ మంత్రి మీద, ప్రధాని ఎదురుగా. మైకు కట్ చేయడానికి ఎన్ని కారణాలు! ఆ చర్చకు సభలో చోటు దొరికింది. ఆ తర్వాత జస్టిస్ ఛాగ్లా జనం ముందు బహిరంగంగా విచారణ జరిపారు, 1958 ఫిబ్రవరిలో మంత్రి రాజీనామా చేశారు. స్వతంత్ర భారతంలో ప్రభుత్వ సొమ్ము గురించి పార్లమెంటు అంత గట్టిగా లెక్క అడిగిన తొలి రోజుల కథ అది. అప్పుడు ఎత్తు కుర్చీలో ఉన్నది మన తిరుచానూరు మనిషి. ఆయన ఆ రోజు చేసిన ఘనకార్యం ఏమిటంటే, అడ్డం పడకపోవడం. దాన్ని బోర్డు మీద బొమ్మ వేసి చూపించలేం. అందుకేనేమో ఎవరికీ గుర్తు లేదు. బీహారు గవర్నరుగా చేసి, తిరిగి వచ్చాక తిరుపతిలో సంస్కృత విద్యాపీఠం పనులు చూసుకుంటూ గడిపి 1978లో పోయారు. మీ కమిటీల్లోంచి నా షాపుకు వచ్చే కుర్రాళ్లను అడిగి చూశాను. ‘అయ్యంగారా, గుళ్లో పనిచేసేవాళ్లా?’ అన్నాడు ఒకడు.

రెండో ఆయన చిత్తూరు కట్టమంచి రామలింగారెడ్డి గారు. ఇక్కడ నాకే తటపటాయింపు ఉంది, దాచను. సాహిత్యం, అర్థశాస్త్రం, మాట చమత్కారం, వైస్ చాన్సలర్ గిరీ, అన్నిట్లోనూ పెద్ద మనిషి. 1923లో మదరాసు శాసనమండలిలో పానగల్ రాజా నడిపిన జస్టిస్ పార్టీ మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం పెట్టింది ఆయనే. దేశంలో చట్టసభ చూసిన మొదటి అవిశ్వాస తీర్మానం అదని చెబుతారు. 44 మంది అటు, 65 మంది ఇటు, తీర్మానం ఓడిపోయింది. అదే జస్టిస్ పార్టీలో అంతకుముందు ఆయనా ఉన్నవారే. బయటికొచ్చి, పాతవాళ్లను సభలోనే లెక్క అడిగారు. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో సర్కారు లాఠీలకు నిరసనగా ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్ పదవి వదిలేశారు, ఆయన తర్వాత ఆ కుర్చీలోకి వచ్చింది తిరుత్తణిలో పుట్టిన రాధాకృష్ణన్. మళ్లీ 1936లో ఈయనే వచ్చి 1949 దాకా ఉన్నారు. గొప్ప మేధావి, వెన్నెముక ఉన్న మనిషి. రాజనీతిజ్ఞుడా? నలుగురిని కలుపుకొని ఒక ఒప్పందాన్ని ఒడ్డుకు చేర్చిన మనిషిగా కంటే, నచ్చకపోతే లేచి వచ్చేసిన మనిషిగానే ఆయన నాకు కనబడతారు. కట్టమంచి చెరువు గట్టు మీద ఈ మాట అంటే చిత్తూరు వాళ్లు నాతో పోట్లాడతారు. పోట్లాడాలి. ఫలానా పని చేశాడు కాబట్టి ఈ మాట తగునా తగదా అని ఇద్దరు మనుషులు వాదించుకుంటే ఆ మాట బతికున్నట్టు లెక్క.

ఇంకో పేరు చెబుతాను, మన ఊరివారు కాదు, తెలుగువారే కాదు. హరి వినాయక్ పటాస్కర్. ఎవరికైనా తెలుసా? మీకు తెలియకపోయినా మీ ఓటరు జాబితా ఆయన గీసిన గీత మీదే ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాక మదరాసుకూ మనకూ సరిహద్దు గొడవ మిగిలిపోయింది. ఇక్కడివాళ్లు మద్రాసు మనదే అన్నారు. అక్కడ తమిళ నాయకుడు మా.పొ. శివజ్ఞానం గారి మనుషులు వేంకటం కొండ దాకా తమిళ దేశమే, తిరుపతి మాదే అన్నారు. చిత్తూరు, పుత్తూరు, నగరి, తిరుత్తణి ప్రాంతాల్లో ఒకే ఇంట్లో రెండు భాషలు. అమ్మ తెలుగు, అత్త తమిళం. ఇక్కడ గీత గీయడమంటే ఇళ్ల మధ్య గీయడమే. చివరికి రెండు ప్రభుత్వాలూ మధ్యవర్తిగా పటాస్కర్‌ను ఒప్పుకున్నాయి. ఆయన పెట్టిన లెక్క సాదాగా ఉంటుంది. తాలూకాను చూడకు, ఊరిని చూడు. ఆ ఊళ్లో ఎక్కువమంది ఏ భాష మాట్లాడతారో చూడు. ఆ ఊరు పక్క ఊరితో ఆనుకుని ఉందో లేదో చూడు. అంతే. 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు వైపు పల్లెలు ఇటు వచ్చాయి. రెండు వైపులా తిట్టుకున్నారు. తిరుత్తణి పోయిందని ఇప్పటికీ నిట్టూర్చే పెద్దలు పుత్తూరులో ఉన్నారు, తిరుపతి దక్కలేదని అక్కడా ఉన్నారు. అయినా ఆ గీత కోసం ఆ తర్వాత ఎవరి తలా పగల్లేదు. సరిహద్దు అవతల పెళ్లి సంబంధాలు ఆగలేదు. అరిచినవాళ్ల పేర్లు వీధులకు ఉన్నాయి. గీత గీసిన మనిషి పేరు మీద మన రెండు నగరాల్లో ఒక సందు కూడా నాకు కనబడలేదు. ఆ రోజు మధ్యవర్తి మాటకు తల ఊపి, సొంత జనం ముందు నిలబడి సర్దిచెప్పుకున్న రెండు ప్రభుత్వాల పెద్దలకూ ఆ మాటలో వాటా ఉంది.

పోటీదారుల మధ్య కూడా ఇది జరుగుతుంది. 1991లో పి.వి. నరసింహారావు ప్రధాని అయ్యాక సభకు ఎన్నిక కావాలి, నంద్యాలలో నిలబడ్డారు. తెలుగు మనిషి ప్రధాని అయ్యాడని, తన తెలుగుదేశం తరఫున ఎన్.టి. రామారావు అభ్యర్థిని పెట్టలేదు. మన తిరుపతిలో 1983లో గెలిచిన ఆయన్ని ఆవేశపరుడని, నటుడని, తొందరమనిషని ఎన్నో అన్నారు. కానీ ఆ ఒక్క పనికి ఈ మాట వాడొచ్చు. పి.వి. విషయంలోనూ రెండు వేర్వేరు లెక్కలున్నాయి. మెజారిటీ లేని ప్రభుత్వాన్ని అయిదేళ్లు నడపడం చాణక్యం. ఖజానా ఖాళీగా ఉన్న 1991లో, సొంత పార్టీలోనే గొణుగుడు ఉండగా, ఆర్థిక విధానాన్ని మలుపు తిప్పడం రాజనీతి. ఆ మలుపు మంచిదా కాదా అని కొట్లాడుకోండి, మళ్లీ చెబుతున్నా, కొట్లాటే కావాల్సింది.

నిజాయితీని కూడా దీంతో కలపొద్దు. బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు వ్యాఖ్యల మీద 1964లో నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవి వదిలేశారు. అది మర్యాద తెలిసిన పని, ఈ రోజుల్లో కలలో కూడా కనబడదు. దానికి ‘మర్యాద’ అన్న మాటే ఉంది, బాగుంది. టంగుటూరి ప్రకాశం గారు గుండె చూపించిన ధీరుడు. ఆయన ప్రభుత్వం 1954లో ఒక్క ఓటు తేడాతో కూలింది. ఆ ఏడాదే మన వెంకటేశ్వర విశ్వవిద్యాలయం మొదలైంది. ధీరుడు అంటే చిన్న మాటా? ప్రతి మంచి గుణానికీ తెలుగులో విడివిడిగా మాటలున్నాయి. అన్నీ వదిలేసి అందరికీ ఒకే కిరీటం పెడితే ప్రకాశం గారికీ మీ పక్క వార్డు ఆయనకూ తేడా ఏముంది?

ఇంకొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మీరు ఇన్ని మేటర్లు పంపారు, ‘రాజనీతిజ్ఞురాలు’ అని ఒక్కటీ రాలేదు. మహిళా నాయకురాలైతే ‘అమ్మ’, ‘ఆడపడుచు’, ‘మమతల మూర్తి’. దుర్గాబాయి దేశ్‌ముఖ్ రాజ్యాంగ సభలో కూర్చున్నారు, ప్రణాళికా సంఘంలో పనిచేశారు, కేంద్ర సాంఘిక సంక్షేమ మండలిని 1953లో మొదలుపెట్టి నిలబెట్టారు. ఆమెకు మనం ఇచ్చింది ‘సంఘ సేవకురాలు’. అదే పని మగవాడు చేసుంటే ఈపాటికి ‘జ్ఞుడు’ ఎన్ని బోర్డులకు ఎక్కేదో.

ఇప్పుడు నా విన్నపం. ఈ మాట వాడొద్దని నేను అనడం లేదు. అంటే మీరు రేణిగుంట రోడ్డులో ఇంకో షాపుకు పోతారు, నాకు తెలుసు. ‘రాజనీతిజ్ఞుడు’ అని వేయమన్నప్పుడు దాని కింద ఒక లైను రాసివ్వండి. ఏ సంవత్సరం, ఏ పని, ఆ పని చేసినందుకు తనవాళ్లలో ఎవరు అలిగారు. ‘నిరంతర కృషి’ అని రాయకండి. ‘ఎనలేని సేవలు’ అని రాయకండి. ఎనలేని సేవల్లో ఒక్కటి ఎన్నండి. ఉదాహరణకు ‘1957లో తన పార్టీ మంత్రిని నిలదీసే చర్చకు అడ్డం పడని సభాపతి’. ఇది ఒక్క లైనే, చిన్న బోర్డులో కూడా పడుతుంది. మీ నాయకుడు రెండు ఊళ్ల మధ్య కాలవ నీళ్ల తగవు తీర్చి ఉండొచ్చు, తన ఊరివాళ్లు కసురుకుంటున్నా ముందు కింది ఊరికి నీళ్లు వదిలించి ఉండొచ్చు. అట్లాంటిది నిజంగా ఉంటే రాయండి, ఎంత చిన్న నాయకుడైనా సరే, మంచి అక్షరాలతో వేస్తా. రాయడానికి ఏమీ దొరక్కపోతే ‘ప్రియతమ నాయకుడు’ ఉండనే ఉంది. అది అబద్ధం కాదు, మీకు ప్రియమే కదా.

సన్మాన సభల్లో మైకు పట్టుకునే వ్యాఖ్యాతలకు కూడా ఇదే చెబుతున్నా. వేదిక మీద పదిమంది ఉంటే పదిమందినీ రాజనీతిజ్ఞులని పిలిచి, పదకొండోవాడికి మాట దొరక్క తడబడిన సభలు మహతి ఆడిటోరియంలో నేనే చూశాను. పాపం ఆ పదకొండో ఆయన ఎమ్మార్వో.

ఫిబ్రవరి 4 అనంతశయనం అయ్యంగారి జయంతి. డిసెంబరు 10 కట్టమంచి వారిది. ఏ పార్టీ అయినా సరే, లేదా అన్ని పార్టీలూ కలిసైనా సరే, ఆ రెండు రోజులకు బోర్డులు పెట్టాలనుకుంటే వారం ముందు చెప్పండి. కట్టమంచి వారి బోర్డు మీద ఏ మాట ఉండాలో చిత్తూరు వాళ్లు ఈలోపు తేల్చుకోండి. డిజైను ఖర్చు నాది. ఫ్లెక్సు, ఫ్రేము, కట్టే మనిషి కూలీ మీరు చూసుకోండి.

ఇట్లు,
తిరుపతిలో మీ బోర్డులు వేసే మనిషి